ఆఖరి గోలీల షీటు

జనగామ బస్టాండు ఎదుట ఉన్న ఆ మందుల షాపులో ఒక్కటే స్టూలు. దాని మీద నల్లద్దాలు పెట్టుకున్న ఒకామె కూర్చుని ఉంది.

"జర లేస్తవా అక్కా? నా బిడ్డ నిలవడలేదు," అంది నస్రీన్.

ఆమె లేవలేదు. గడ్డం పైకెత్తి చూసింది, అంతే.

ఎంత పొగరు! నస్రీన్ ఒళ్లు మండిపోయింది. పదకొండేళ్ల హఫ్సాను భుజానికి ఆనించుకుని, మందుచీటీ షాపతనికి ఇచ్చింది.

"ఫోలినిక్ ఆసిడా? గిప్పుడే అయిపోయినయ్ అక్కా. ఆఖరి షీటు గామెకే ఇచ్చిన," అన్నాడు షాపతను సుదర్శన్.

"భూపాలపల్లి తిరిగినం, మానుకోట తిరిగినం. అందరు కడుపుతోని ఉన్నోళ్ల ఫోలిక్ గోలీలే చూపెడ్తున్నరు. గవి దీనికి పనిజెయ్యవని డాక్టరు మరీ మరీ చెప్పిండు!"

హఫ్సా ఒంట్లో కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతిన్నాయి. తిన్న తిండిలోని ఫోలేట్ మెదడు దాకా చేరడం లేదు. ఈ గోలీలు పడ్డాకే పిల్ల గోడ పట్టుకుని నడిచింది. అవి ఆగేసరికి మళ్లీ మంచం పట్టింది.

నస్రీన్ ఆ నల్లద్దాల మనిషి ముందు కొంగు పట్టింది.

"నీ కాల్మొక్త అక్కా. సగమన్న ఇయ్యి. నా బిడ్డ నా చేతులల్లనే పోతున్నది."

"అన్నం మింగుతున్నదా?"

"నీళ్లు గూడ దిగుతలేవు."

ఆమె కౌంటరు పట్టుకుని లేచి, సుదర్శన్‌తో ఏదో గొణిగింది. వెళ్తూ వెళ్తూ హఫ్సా కాలు తొక్కింది. పిల్ల కెవ్వుమంది.

తల్లి నోరు ఊరుకుంటుందా?

"నీ కండ్లు పోను! నా బిడ్డ ఉసురు తగుల్తది నీకు!"

ఆమె గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత తడుముకుంటూ మెట్టు దిగి వెళ్లిపోయింది.

సుదర్శన్ గోలీల షీటు తెచ్చి నస్రీన్ చేతిలో పెట్టాడు.

"ఎంత మాటన్నవ్ అక్కా! నీ బిడ్డకే ఇయ్యమని ఇడిసిపోయింది."

"మరి లెవ్వమంటె లేవకుండ గంత పొగరుగ ఎందుకు చూసింది అన్నా?" అంది నస్రీన్.

"పొగరు గాదు. ఆమె కంటి రెప్పలు పైకి లెవ్వయ్. గందుకే తల ఎత్తి చూస్తది."

నస్రీన్ బయటికి పరుగెత్తింది. ఆమె ఎక్కిన మానుకోట బస్సు అప్పటికే బస్టాండు దాటింది. ఏడుస్తూ వెనక్కి వచ్చి బిడ్డ ముఖం చూసింది. హఫ్సా రెప్పలూ సగం వాలే ఉన్నాయి.

"అన్నా, మరి ఎవరి కోసం కొన్నదామె?"

"తన కోసమే అక్కా," అన్నాడు సుదర్శన్, "నీ బిడ్డకున్న బిమారే ఆమెకు గూడ, గీ ఒక్క షీటు కోసం నెల సంది నా షాపు సుట్టూ తిరుగుతున్నది."