ఎనిమిదో తూటా

“బొటనవేలు జాగ్రత్త,” అన్నాడు రాయిస్. “తూటాల పట్టీ లోపలికి నొక్కగానే వేలు తీసెయ్యాలి. లేకపోతే నలిగిపోతుంది. మా నాన్న గోరు అలాగే పోయింది, మళ్లీ రాలేదు.”

డెల్బర్ట్ తలూపాడు కానీ తుపాకీని ముట్టుకోలేదు.

“తూటాలు మీరే పెట్టివ్వండి.”

వెస్ట్ వర్జీనియా కొండల మధ్య ఉన్న రాయిస్ కాల్పుల మైదానానికి రకరకాల మనుషులు వస్తారు. పాత యుద్ధాల తుపాకులు అతని దగ్గర నలభై దాకా ఉన్నాయి. ఫలానాది ఒక్కసారైనా పేల్చాలని ఏళ్ల తరబడి కలగన్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ట్రక్కులేసుకుని వస్తారు. అది చేతికందగానే అరవై ఏళ్లవాడు కూడా పసివాడైపోతాడు. డెల్బర్ట్ ఒక్కడే, తుపాకీ ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు.

అయినా మూడేళ్లలో ఇది ఏడోసారి రావడం. ప్రతిసారీ ట్రక్కు నడిపేది ఓపల్. దిగాక ఆమె సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీస్తుంది. అందులో నాలుగు మడతల కాగితం. పైన నీలం సిరాతో ‘చచ్చేలోగా పేల్చాల్సినవి’ అని ఉంటుంది. కింద ఏడు తుపాకుల పేర్లు, ఒక్కోదాని పక్కన ఒక్కో ముక్క. మొదటిదాని పక్కన ‘భుజం ఊడినా సరే’ అని రాసుంది.

రాసింది ఓపల్ కొడుకు కర్టిస్. బొగ్గు గనిలో కరెంటు పనిచేసేవాడు. ఇరవై ఆరేళ్లకే పోయాడు. ఆ జాబితాలో ఒక్కటి కూడా పేల్చలేదు.

మొదటిసారి వచ్చినప్పుడు రాయిస్ డెల్బర్ట్‌ని పక్కకి పిలిచి అడిగాడు.

“ఎలా పోయాడు?”

“ప్రమాదం.”

“మీరు దగ్గరున్నారా?”

“ఉన్నాను. అంబులెన్స్ వచ్చేదాకా తల నా ఒళ్లోనే ఉంది.”

రాయిస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. “కుర్రాడిది మీ పోలికేనా?” అన్నాడు.

“కాదు. అచ్చం వాళ్లమ్మే,” అన్నాడు డెల్బర్ట్.

జాబితాలో ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికుల భుజాన ఉన్న గరాండ్ తుపాకీ. ఎనిమిది తూటాలూ ఒకే ఇనప పట్టీలో ఉంటాయి. ఎనిమిదోది పేలాక ఖాళీ పట్టీ పైకి ఎగిరిపడుతుంది. కాగితం మీద దాని పక్కన కర్టిస్ రాసిన మాటలు రాయిస్‌కి కంఠతా వచ్చేశాయి. ‘ఆఖర్న టింగుమంటుంది. ఆ చప్పుడు అమ్మకి వినిపించాలి.’

రాయిస్ పట్టీ నొక్కి, తుపాకీ బల్లమీద పెట్టాడు. డెల్బర్ట్ కూర్చున్నాడు. ఓపల్ అతని వెనకే నిలబడింది. ఇద్దరూ చెవులకి చప్పుడు ఆపే కప్పులు పెట్టుకున్నారు.

మొదటి తూటా పేలింది. డెల్బర్ట్ భుజం అదిరింది. దూరంగా కాగితం మీద నల్లటి వలయంలో నడిమధ్య రంధ్రం పడింది. రెండోదీ దాని పక్కనే. తుపాకీ ముట్టుకోవడానికే జంకే మనిషి ఇంత సూటిగా ఎలా కొడతాడో రాయిస్‌కి ఎప్పుడూ అర్థం కాలేదు.

ఏడోది పేలాక డెల్బర్ట్ తుపాకీ బల్లమీద ఆనించి తల వంచుకున్నాడు.

“ఇంకొకటుంది,” అంది ఓపల్.

“నా వల్ల కాదు.”

“ఏడు పేల్చావుగా.”

“లెక్క కాదు ఓపల్. ఇది పేలిస్తే ఇంకేం మిగలదు. వాడి కాగితంలో ఇంకేం ఉండదు.”

“నాకు తెలుసు.” ఆమె చెవి కప్పులు తీసేసింది.

“మేడమ్, అవి పెట్టుకోవాలి,” అన్నాడు రాయిస్.

“నేను వినడానికే వచ్చాను.”

డెల్బర్ట్ వెనక్కి తిరిగి ఆమె ముఖంలోకి చూశాడు. అక్కడ కోపం లేదు, జాలీ లేదు. అతను మళ్లీ తుపాకీకి చెంప ఆనించాడు. చాలాసేపు గడిచింది. రాయిస్ వారించడానికి ముందుకు రాబోతుంటే తుపాకీ పేలింది. ఆ వెంటనే పట్టీ టింగుమని ఎగిరి సిమెంటు మీద పడింది.

ఓపల్ కళ్లు మూసుకుంది. ఆ చిన్న చప్పుడు ఎప్పుడో ఆగిపోయినా, ఇంకా వింటున్నట్టే నిలబడింది. తర్వాత పెన్ను తీసి ఏడో పేరు కొట్టేసింది.

డెల్బర్ట్ లేచి, షెడ్డు పక్కనున్న కుళాయి దాకా వెళ్లి వాంతి చేసుకున్నాడు.

రాయిస్‌కి మనసు ఆగలేదు. ఇన్నాళ్లూ నోటిదాకా వచ్చి ఆగిన మాట బయటపెట్టాడు.

“నన్ను తిట్టుకున్నా సరే మేడమ్, ఒక మాట చెప్తాను. కన్నతల్లి బాధ నాకు తెలియదు. కానీ తుపాకీ చూస్తేనే ఆయనకి ఒళ్లు చల్లబడిపోతుంది. ఏడుసార్లు చూశాను. ఆయన మీద కాస్త జాలి చూపించండి. పోయింది ఆయన కొడుకు కూడా కదా.”

ఓపల్ కాగితాన్ని పాత మడతల మీదే మడిచి కవర్లో పెట్టింది.

“కర్టిస్ నాన్న పోయి పదేళ్లయింది,” అంది.

రాయిస్ అయోమయంగా కుళాయి వైపు చూశాడు. డెల్బర్ట్ రెండు చేతులూ నీళ్ల కింద పెట్టి కడుగుతూనే ఉన్నాడు.

“మరి ఈయనెవరు?”

“జింక అనుకుని కర్టిస్‌ని కాల్చింది ఇతనే.”