మల్లెపందిరి జట్టు

తురాయి పదినెలల పెట్ట. తినేముందు నేలను రెండుసార్లు గీరడం దాని అలవాటు. మల్లెపందిరి కింది పెట్టలు తనను జట్టులో చేర్చుకుంటాయో లేదోనని మూడు రోజులుగా దానికి గింజ దిగడం లేదు.

"ఎందుకు చేరతావే?" అంది పెద్దపెట్ట.

"పిల్లి వస్తే ఒంటరిదాన్ని కదక్కా."

"అయితే రెక్కల్లోని పొడవాటి ఈకలు పీకి ఇచ్చెయ్. అందరం ఇచ్చినవాళ్ళమే."

"మరి పిల్లొస్తే ఎగరడమెలా?"

"కలిసి అరుస్తాం."

తురాయి తన రెక్కలోని ఈకను ముక్కున పట్టుకుని, పీకబోతూ ఆగింది. "నువ్వెందుకు చేరావక్కా?"

"చేరకపోతే నా గురించి ఏం మాట్లాడుకుంటారోనని."

"ఇప్పుడో?"

"ఇప్పుడు చేరనివాళ్ళ గురించి నేనే మాట్లాడతాను."

తురాయి ఈక వదిలేసి, ఎగిరి గోడెక్కింది. తరవాత ఆరేళ్ళు బతికి, నలభై పిల్లలకు ఎగరడం నేర్పింది.