ఆఖరు చరణం

కర్నూలు రాజధాని అయిన ఏడు. కోసిగి బంగళాలో ఒంటరిగా, లాంతరు వెలుగులో, ఒక లెక్చరరు తన పరిశోధన వ్యాసం సరిచూసుకుంటున్నాడు. అందులో నిండా ఉన్నవి మొన్న వేసవిలో పోయిన హులిగెమ్మ కట్టిన తత్వాలే. ప్రతి తత్వం చివరా ఆమె పేరొచ్చే చరణాన్ని కొట్టేసి, కింద "కర్త తెలియదు" అని రాశాడు. తెలియదట! ఆమె పెట్టిన కొర్రన్నం తిని, ఆమె అరుగు మీదే రాసుకున్న పెద్దమనిషి!

బయట విసుర్రాయి తిరిగింది. దాంతో పాటే ఆమె తత్వం. ఆఖరు చరణం ముందర పాటా ఆగింది, రాయీ ఆగింది.

"నా పేరు మింగి కూచున్నావు గదప్పా," అంది హులిగెమ్మ గొంతు, కిటికీ అవతల. "నీ పేరేందో చెప్పు, విందాం."

నోరు తెరిచాడు. సొంత పేరు నోటికి రాలేదు. వ్యాసం మొదటి పేజీకి తిప్పాడు. తన పేరుండాల్సిన చోట, తన దస్తూరీలోనే, "కర్త తెలియదు" అని ఉంది.