పదమూడో గ్లాసు

భీమారావు ఇంటి ప్రార్థనలో ప్రతి ఆదివారం ఒక గ్లాసు టీ మిగిలిపోతుందట. పక్కింటి సన్యాసమ్మ పర్సుడీహ్ బజారులో వంకాయలు బేరమాడుతూ చెప్పిన మాట ఇది. భీమారావు తలలు లెక్కపెట్టి పదమూడు అంటాడట. ఆయన భార్య దేవి పదమూడు గ్లాసులు పోస్తుందట. తీసుకునేవాళ్లు మాత్రం పన్నెండుగురేనట. "ఆ మిగిలిన గ్లాసు ఎవులూ ముట్టుకోరు. కడగడానికి తీత్తే కాళీ! అడుగున బూడిద," అని కూడా అందట.

ఆ ఆదివారం మధ్యాహ్నం, ప్రార్థన మొదలుకాకముందే జోగమ్మ అడ్డం పడింది.

"అన్నా, ఈరోజు తేల్చీయాల. మా ఆయన వత్తాడా, రాడా? రాడంటే ఈ గాజులు ఇక్కడే తీసేత్తాను."

ఆమె మొగుడు అసిరయ్య ఏడేళ్ల కిందట ఆదిత్యపూర్‌లో కార్ఖానా భట్టీ లోపల బూడిద తీసే పనికి వెళ్లి తిరిగి రాలేదు. ఆ పనికి సూపర్‌వైజరు భీమారావే. పని మధ్యలో చెప్పకుండా ఎటో వెళ్లిపోయాడని కాగితం మీద రాసి సంతకం పెట్టిందీ ఆయనే.

"వత్తాడమ్మా." భీమారావు బైబిలు తెరిచాడు. "తప్పిపోయిన గొర్రె కత మళ్లీ సెప్తాను, ఇను. కాపరంటే ప్రభువు. గొర్రంటే దారి తప్పిన మనిషి. అడవంటే ఈ లోకం. గొర్రె దానంతటదే ఎలిపోనాది. అయినా కాపరి ఒదల్లేదు. తొంభై తొమ్మిదింటినీ ఇడిసిపెట్టి దానికోసం ఎల్లాడు."

"దానంతటదే ఎలిపోనాదని ఎవులు సూసినారు?"

"కతలో అర్థం అదేనమ్మా."

"గొర్రెనడిగితే ఇంకో అర్థం సెప్తాదేమో."

ఎవరో కిసుక్కుమన్నారు. భీమారావు అలవాటు కొద్దీ తలలు లెక్కపెట్టాడు. పదమూడు. గుమ్మం దగ్గర కూర్చున్నవాడి వెనకాల ఎండ ఉంది, మొహం కనబడలేదు. ఆ తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది, చలికాలంలో కూడా. ఎవరైనా తలుపు కొడితే భీమారావుకి ఒళ్లంతా చెమట పడుతుంది.

"మరైతే ఒకటి తగ్గిందని కాపరికి ఎలా తెలిసిందన్నా?" అంది జోగమ్మ.

"గిన్తీ చేసినాడు. మా భట్టీకాడ లెక్కలాగే. లోపలికి దిగినోడు తన ఇత్తడి బిళ్ల బయట మేకుకి తగిలిత్తాడు. బయటికొచ్చి తన బిళ్ల తనే తీసుకుంటాడు. బిళ్ల ఉందంటే మనిషి లోపలున్నట్టు. మేకులన్నీ కాళీ అయితేనే తలుపు బిగించి నిప్పెడతాం."

జోగమ్మ చేతిలో గాజుల చప్పుడు ఆగిపోయింది.

"ఆరోజు మా ఆయన మేకు?"

"కాళీ." భీమారావు బైబిలు మీద అరచెయ్యి ఆనించాడు. "దీని మీద ఒట్టు. నా కళ్లతో సూసినాను. ఆడు బయటికొచ్చి, బిళ్ల తీసుకుని మరీ ఎలిపోనాడు."

దేవి టీ పట్టుకొచ్చింది. పన్నెండు చేతులు పన్నెండు గ్లాసులు అందుకున్నాయి. పళ్లెంలో ఒకటి మిగిలింది. అందరూ చూస్తుండగానే అందులో టీ కొంచెం కొంచెంగా దిగసాగింది.

గాలి లేదు. అయినా తలుపు మెల్లగా మూసుకుంది. దాని మీద మూడు దెబ్బలు పడ్డాయి, లోపలి వైపు నుంచి.

గుమ్మం దగ్గర గొంతు పొడిగా పలికింది.

"మేకు కాళీయే బావా. నాను లోపల్నించి తలుపు కొడతంటే, నువ్వు బయట నా బిళ్ల తీసి జేబులో ఏసుకున్నావు కదేటి."