బెల్లం ముక్క

గౌలిపుర బడిలో కథ చెబుతున్న స్వరూప టీచర్ మధ్యలో ఆగింది. "కథల జరగబోయేదానికి ముందే ఒక గుర్తు ఉంటది. మీరు చూసిన గుర్తు ఒకటి చెప్పుండ్రి."

పాలవాళ్ల పిల్ల వర్షిత లేచింది. "మా బర్రెను అమ్మిన రోజు బాపు పొద్దుగాల్నే దానికి బొట్టు పెట్టి, బెల్లం తినిపించిండు టీచర్."

"శభాష్! చప్పట్లు కొట్టుండ్రి."

చప్పట్లు ఆగినా వర్షిత కూర్చోలేదు.

"ఇయ్యాల నాకు గూడ బొట్టు పెట్టి బెల్లం తినిపించిండు."

అంతలోనే ఆమె తండ్రి బట్టల సంచితో గుమ్మంలోకి వచ్చాడు. "బిడ్డను తోల్కపోత మేడం. షోలాపూర్‌ల మా చెల్లె పిల్లగాన్ని ఎత్తుకోనీకి మనిషి గావాలె."

"చదువెట్ల మరి?"

"బర్రె పోయినంక ఇల్లు గడుస్తలేదు మేడం." తల దించుకున్నాడు.

వర్షిత పుస్తకాలు సర్దుకుంది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది.

"గుర్తు పట్టిన గద టీచర్. ఇప్పుడేం చెయ్యాలె?"