తప్పు నాదే

"ఫోన్ చేసి మరీ చెప్పానండీ! ఆ మందు మా పాపకి పడదు, పోయినసారి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి అని! మళ్లీ అదే రాసిచ్చారేంటి?"

ఆ తల్లి అరుపుకు వెయిటింగ్ హాల్లో దగ్గులు కూడా ఆగిపోయాయి. పాపకి పడని మందులేమైనా ఉన్నాయా అని మందుల షాపులో అడగబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి ఏమయ్యేదో.

కౌంటర్ వెనక డాక్టరుగారి అక్క నిలబడి ఉంది. ఆ తల్లి ఆమె వైపు తిరిగి ఇంకేదో అనబోయేంతలో డాక్టరు తన గదిలోంచి గబగబా వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

"తప్పు నాదేనమ్మా. నాకు చెప్పారు. నేనే మరిచిపోయాను. క్షమించండి."

ఆమె గొణుక్కుంటూ వేరే మందు రాయించుకుని వెళ్లిపోయింది. అక్కకు మాత్రం తల కొట్టేసినట్టయింది. కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. ఒకాయన మెల్లగా లేచి, పనేదో గుర్తొచ్చినట్టు బయటికి నడిచాడు.

తమ్ముడు ఆ క్లినిక్ పెట్టిన రోజు నుంచీ దాన్ని నడిపేది అక్కే. ఎవర్ని ముందు పంపాలి, ఎవర్ని మాటల్లో పెట్టి కాసేపు కూర్చోబెట్టాలి, ల్యాబ్ నుంచి ఎవరి రిపోర్టు రాలేదు, ఊడ్చే మనిషి ఎందుకు రాలేదు, అన్నీ ఆమే చూసుకోవాలి. "తమ్ముడు మన నాడి చూస్తాడు, అక్క క్లినిక్ నాడి చూస్తుంది" అని పాత పేషెంట్లు నవ్వుతూ అంటుంటారు. అలాంటి చోటికి ఈ మధ్య ఏదో దిష్టి తగిలింది.

మొన్నటికి మొన్న టీకాల ఫ్రిజ్ తలుపు తెరిచే ఉండి, లోపలివన్నీ పాడైపోయాయి. "పోతూ పోతూ నేనే తీశాను, మూయలేదు" అన్నాడు తమ్ముడు. అంతకుముందు ఒకే సమయానికి ముగ్గురు పేషెంట్లు వచ్చి, నేను ముందంటే నేను ముందని కొట్టుకున్నంత పని చేశారు. దారిలో కనిపిస్తే తనే రమ్మన్నానన్నాడు. ఒకరి రిపోర్టు ఇంకొకరి చేతికి వెళ్లి, షుగరే లేని ఒక పెద్దమనిషి తిండి మానేసి మంచం పట్టినప్పుడూ అదే మాట. తప్పు నాదే.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక అక్క నర్సు దగ్గర గోడు వెళ్లబోసుకుంది.

"వాడికి మతిమరుపు వస్తోందేమోనమ్మా. మా నాన్నకీ ఇలాగే మొదలైంది."

నర్సు దూది ఉండలు చుడుతూ తల ఎత్తలేదు. "పొద్దున కూడా అన్నారమ్మా."

"అన్నానా? అనక ఏం చెయ్యను? సిగ్గుతో చచ్చిపోతున్నాను."

చివరి పేషెంటు వెళ్లాక తమ్ముడి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది.

"ఎన్నాళ్లురా ఇలా? ఇవాళ పసిపిల్ల ప్రాణం మీదికొచ్చేది. నువ్వు అందరి ముందూ తప్పు నాదే, తప్పు నాదే అని దండాలు పెడుతుంటే నేను తలెత్తుకోలేకపోతున్నాను. నిన్ను చూసి సిగ్గుపడే రోజొస్తుందని కలలో కూడా అనుకోలేదు."

అనేశాక నాలుక కరుచుకుంది. తల్లి పోయాక తన కొంగు పట్టుకుని బడికి వచ్చినవాడు. జ్వరమొస్తే తన ఒళ్లోనే పడుకున్నవాడు. అంత మాట ఎలా అనగలిగింది?

అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తరవాత కళ్లూ తుడుచుకున్నాడు.

"ఈ మాట ఎలా ఎత్తాలా అని ఇన్నాళ్లూ నేనే నానుస్తున్నానక్కా. ఇవాళ నువ్వే ఎత్తావు. నరాల డాక్టరు దగ్గర టైమ్ తీసుకున్నాను. నువ్వూ రావాలి."

"రాకుండా నిన్నొక్కణ్ణే పంపుతానట్రా?"

"అప్పటిదాకా ఫోన్లూ ఫ్రిజ్జూ నర్సు చూసుకుంటుంది. నువ్వు నా పక్కనే కూర్చో. నన్ను కనిపెట్టుకుని ఉండు."

ఆ మాటకు ఆమె గుండె కరిగిపోయింది. సరేనంది.

నరాల డాక్టరు హాలు నిశ్శబ్దంగా ఉంది. కౌంటర్‌కు ఇవతల కూర్చోవడం అక్కకు కొత్త. తెలిసినవాళ్లెవరైనా చూస్తే ఏమనుకుంటారోనని పైట భుజం చుట్టూ కప్పుకుంది. డాక్టరే డాక్టరు కోసం వచ్చాడట, మతి పోయిందట అని చెప్పుకోరూ? మళ్లీ అంతలోనే తన ఆలోచనకు తనకే సిగ్గేసింది. పక్కన తమ్ముడు నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు.

అతని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"భయపడకురా నాన్నా. నీమీద కోపంలో ఏదో అనేశాను, మనసులో పెట్టుకోకు. నేనున్నాగా. నువ్వేం మరిచిపోయినా నేను గుర్తుపెట్టుకుంటాను."

అతను ఆమె చేతిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

లోపలి తలుపు తెరుచుకుంది. తెల్లకోటు అమ్మాయి ఒకతె హాలంతా కలయచూసి, గట్టిగా పేరు పిలిచింది.

అది అక్క పేరు.