గాలి తగలని ఇంజన్

“నువ్వు వేసిన పిస్టన్ ఏడాది కూడా ఆగలేదు. ఇదేనా నీ పనితనం?”

షెడ్డులో నలుగురూ వింటుండగా సొంత బావే అలా అరిచేసరికి మెకానిక్ మొహం మాడిపోయింది. బావ బైకు హ్యాండిల్ పట్టుకుని దర్జాగా ముందు నడిస్తే, పాపం అక్క వెనక నుంచి బండిని తోసుకుంటూ వచ్చింది. ఇప్పుడు డొక్క పట్టుకుని బల్ల మీద కూలబడి ఆయాసపడుతోంది.

ఎవరి బండి పాడైనా సర్దిచెప్పుకోవచ్చు. అక్క ఇంటి బండి పాడైతే తన మాట పోవడమే కాదు, ఇంటికెళ్లాక అక్కకు దెప్పులు తప్పవు. మెకానిక్ ఇంజన్ విప్పాడు.

ఆయిల్ తారులా అయిపోయింది. పిస్టన్ నిండా గీతలు. సిలిండర్ బోరు వేడికి నీలం తిరిగింది. మీటర్ చూస్తే, పోయినసారికీ ఇప్పటికీ పెద్దగా కదల్లేదు. ఇంజన్ వేగం పెంచే రేజ్ స్క్రూ మాత్రం ఎవరో బాగా బిగించేశారు.

“బావా, ఇది తిరిగి అరిగిన ఇంజన్ కాదు. స్టాండు వేసి, రేజ్ పెంచి వదిలేస్తున్నావు. బండి కదిలితేనే కదా దానికి గాలి తగిలేది! ఒకేచోట అలా మోగిస్తే కాలిపోదూ?”

“నా బండి, నా ఇష్టం. రేపటికల్లా మోగాలి, అంతే!” బావ సిగరెట్ కోసం రోడ్డు దాటాడు.

తప్పు తనది కాదని తేలేసరికి మెకానిక్‌కు ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటే ఉక్రోషమూ వచ్చింది.

“విన్నావా అక్కా! నా పనితనానికే వంక పెడతాడా? సరదాపడి అడిగాడని సైలెన్సర్ లోపలి గొట్టం కూడా పీకేసి, వీధి దద్దరిల్లేలా చేసిచ్చాను. ఇంకెవడైనా చేస్తాడా? అయినా ఇంట్లో నిలబెట్టి మోగిస్తే ఏమొస్తుంది ఆయనకి? నువ్వైనా ఆపమని చెప్పొచ్చుగా!”

అక్క రోడ్డు వైపు చూసింది. కొంగు సర్దుకోబోయి, చెయ్యి పైకి లేవక పళ్లు బిగించింది.

“ఏమైందక్కా? బండి తోసి నడుం పట్టేసిందా?”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“నన్ను కొట్టే ముందు స్టార్ట్ చేసి, కొట్టడం అయ్యాక ఆపుతాడురా. నువ్వు ఆ గొట్టం పీకిచ్చాక, నా అరుపు పక్కింటికి కూడా వినపడట్లేదు.”